పేలని బాంబుపై విచారణ సంఘం

దీపావళి రాత్రి మా ఇంటి ముందు ఏటా ఒక ఏకసభ్య విచారణ సంఘం ఏర్పాటవుతుంది. ఆ ఏకైక సభ్యులు మా బావగారు. విచారణాంశం: వెలిగించిన లక్ష్మీ బాంబు ఎందుకు పేలలేదు?

ఘటనా స్థలాన్ని కళ్లారా చూడనిదే నిజం బయటపడదు గనక ఆయన వెళ్లి బాంబు మీదికి వంగుతారు. వత్తి లోపల నిప్పు ఇంకా ఉండవచ్చునని, కాసేపు ఆగి దూరం నుంచి బకెట్టెడు నీళ్లు కుమ్మరించడం మంచిదని అక్క అరుగు మీది నుంచి అసమ్మతి నివేదిక సమర్పిస్తుంది. సంఘం దాన్ని పరిగణించదు. దగ్గరగా వంగి ఊది చూడడమే మా వంశాచారం. పెట్టె మీది సూచనలు ఆయన చదవరని కాదు. ధర మూడుసార్లు చదివారు.

ఇక కాకరపువ్వొత్తి. దాని కొన దగ్గర వేడి సుమారు 1000 డిగ్రీలు, అంటే నీళ్లు మరిగే వేడికి పదింతలు. అందుకే దాన్ని చిన్నపిల్లల సరుకుగా నిర్ణయించి, నేల జీరాడే సింథటిక్ లంగా కట్టిన మూడేళ్ల మేనకోడలి చేతికిచ్చి ఫొటో తీస్తాం. కాలిన తీగను ఇసుక బకెట్టులో వేయం. ఎవరో ఒకరు చెప్పుల్లేకుండా వస్తారు కదా.

దీపావళినాడు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మా వీధి శిరసావహించింది: 8కి ప్రారంభం, 10కి భోజన విరామం.

వేలు కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచమంటారు వైద్యులు. ఊరికే వచ్చే నీటిని మందు అంటే ఎవరు నమ్ముతారు? ఒకే వేలికి నానమ్మ పసుపు, పిన్ని టూత్‌పేస్టు, పక్కింటాయన సిరా. ముందు ఆ మూడు పొరలూ కడిగితే గాని డాక్టరుకు కాలిన చర్మం కనబడదు. హైదరాబాద్‌లోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా ఆ రాత్రి క్షతగాత్రులు వస్తూనే ఉంటారు. వాళ్లలో ఊరికే చూస్తూ నిలబడ్డవాళ్లూ ఉంటారు. విచారణకు సాక్షులు అవసరమే మరి.

ఈసారి బాంబు విచారణ మధ్యలోనే వాంగ్మూలం ఇచ్చేసింది. అయినా సంఘం గడువును నాగులచవితి దాకా పొడిగించారు. పేలని మిగతా సరుకంతా ఏరి, ఆరబెట్టే నిమిత్తం పొయ్యి గట్టున భద్రపరిచారు. బావగారి కనుబొమలు మాత్రం నాగులచవితికి అందేలా లేవు.