ఊరు లేని ఊరి సేవ

జిల్లా ప్రజలకు శుభవార్త. నల్లగొండ జిల్లాలో డిజిటల్ నిరక్షరాస్యతను మొన్న ఆదివారం సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టి ఏడూ నలభైకల్లా పూర్తిగా నిర్మూలించారు. ఇంకా ముందే అయిపోయేదట గానీ, మొదటి పది నిమిషాలు "సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అని చెప్పుకోవడానికే సరిపోయాయి. నలభై నిమిషాలే ఎందుకని అడక్కండి. జూమ్ వాడు పైసా కట్టకుండా ఇచ్చేది అంతే. పల్లెలు ఆలోపే బాగుపడాలి. పడకపోతే ఇంకో లింకు పంపాలి, పంపాల్సిన అవుట్‌రీచ్ హెడ్ అప్పటికే కంచం ముందు కూర్చున్నాడు.

ఈ వార్త పేపర్లో రాలేదు, వాట్సాప్ స్టేటస్‌లలో వచ్చింది. మా వీధిలో బీటెక్ చదివే పిల్లలు ఎంతమంది ఉన్నారో అంతమందీ ఒకటే బొమ్మ పెట్టారు. బంగారు రంగు అంచు, మూలకో లోగో, మధ్యలో వంకీలు తిరిగిన అక్షరాల్లో పేరు, కింద గ్రామీణ సమాజానికి చేసిన విశిష్ట సేవకు గుర్తింపుగా ఇస్తున్నామని ఇంగ్లిషులో ఓ వాక్యం. మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. మీరూ చప్పట్ల బొమ్మ కొట్టే ఉంటారు. కొట్టకపోతే మర్నాడు వాళ్లమ్మ కూరగాయల బండి దగ్గర ఆపి అడుగుతుంది కదా.

సంగతేమిటంటే, ఇప్పుడు ఇంజినీరింగ్‌లో 'కంప్యూటర్లు, సమాజం' అని ఓ సబ్జెక్టు వచ్చింది. సబ్జెక్టు మంచిదే, నేను సిలబస్ చూశాను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ఎవరైనా వాడుకొని మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం, 1999లో అమెరికాలోని బెర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు గ్రహాంతర జీవుల సంకేతాలు వెతకడానికి జనం ఇళ్లలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లను అడిగి వాడుకోవడం, 2001లో వికీపీడియా పుట్టడం, అన్నీ ఉన్నాయి. జీతం బత్తెం లేకుండా, ఒకరి మొహం ఒకరు చూడకుండా, వేలమంది తలా ఓ చెయ్యి వేస్తే లోకానికి పనికొచ్చే వస్తువు తయారవుతుందని చెప్పే పాఠమది. పాఠం అయ్యాక ప్రాజెక్టు. ఆరుగురు ఒక జట్టుగా ఏర్పడి ఆన్‌లైన్‌లో సమాజ సేవ చేయాలి, చేసినట్టు ఆధారాలు అప్‌లోడ్ చేయాలి. పిల్లలు పాఠం వదిలేసి ఆధారాల మీద పడ్డారు.

ఆదివారం నాటి జట్టు సెషన్ పేరు 'స్మార్ట్‌ఫోన్ వాడటం ఎలా?'. ఎవరి కోసమయ్యా అంటే ఫోన్ వాడటం రాని పల్లె జనం కోసం. అందులో చేరాలంటే ఆ జనం ముందు పోస్టర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. అక్కడ గూగుల్ ఫారం తెరుచుకుంటుంది. అందులో ఈమెయిల్ ఐడీ రాయాలి. తర్వాత జూమ్ డౌన్‌లోడ్ చేసుకోవాలి, మెయిల్‌కి వచ్చిన పాస్‌కోడ్ కొట్టాలి. ఇవన్నీ చేయగలిగినవాళ్లు లోపలికొస్తే ఫోన్ ఎలా ఆన్ చేయాలో నేర్పిస్తారు.

వచ్చారు. ముప్ఫై చిల్లర మంది వచ్చారు. అందులో జట్టువాళ్లు ఆరుగురు పోను మిగతావాళ్లంతా అదే క్లాసులోని వేరే జట్లవాళ్లు. మీ సెషన్‌కు మేమొచ్చాం, మా సెషన్‌కు మీరు రావాలి. పెళ్లి చదివింపుల పుస్తకం లాగా ఎవరు ఎవరికి ఎంత అటెండెన్స్ బాకీ ఉన్నారో క్లాసు లీడర్ దగ్గర లెక్క ఉందట. అంటే కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం పిల్లలు కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం పిల్లలకు ఫోన్‌పే గురించి అవగాహన కల్పించారు. వాళ్లు ఎంతో శ్రద్ధగా, కెమెరాలు కట్టేసుకొని, విన్నారు.

అన్యాయంగా మాట్లాడకూడదు. అసలు సిసలు పల్లె మనిషి ఒకాయన వచ్చాడు. జట్టు కో-లీడ్ వాళ్ల తాత. మనవడు సెలవుకు ఊరికి పోయి ఉండటం వల్ల తాతను నులక మంచం మీద కూర్చోబెట్టి, ఫోన్‌ను చెంబుకు ఆనించి, "తాతా, గీ చుక్క దిక్కు సూడు" అన్నాడు. తాత చుక్క దిక్కే చూశాడు. ఆయన పెట్టెకు 'బెనిఫిషియరీ 1' అని పేరు మార్చారు. రెండో బెనిఫిషియరీ లేడు గానీ అంకె వేస్తే నిండుగా ఉంటుంది.

సైబర్ మోసాలు, బలమైన పాస్‌వర్డ్, అందులో ఒక పెద్దక్షరం, ఒక గుర్తు, ఇవన్నీ ఇంగ్లిషు స్లైడ్ల మీద నడుస్తున్నంత సేపు తాత ఓపిగ్గా కూర్చున్నాడు. చివర్లో "ఏమైనా డౌట్లున్నాయా?" అని అడిగారు. ఈ మాట అడగడమే తప్ప జవాబు వస్తుందని జట్టులో ఎవరూ అనుకోరు. తాత గొంతు సవరించుకున్నాడు.

"నా పట్టా పాస్‌బుక్కుల పేరు తప్పు వడ్డది బిడ్డా. మా అయ్య పేరు కాడ ఇంకెవరిదో వడ్డది. గది సరిజేస్తరా?"

నిశ్శబ్దం. ఆరు హోదాల వాళ్లు ఆరు పెట్టెల్లోంచి చూస్తున్నారు. టీమ్ లీడ్, కో-లీడ్, కంటెంట్ హెడ్, డిజైన్ హెడ్, అవుట్‌రీచ్ హెడ్, డాక్యుమెంటేషన్ హెడ్. మీకు తెలియంది కాదు. 2020 అక్టోబరు 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది, తాత పాస్‌బుక్కులో పేరు మారలేదు. ఆ సాయంత్రం మొత్తంలో కంప్యూటర్‌కూ సమాజానికీ నిజంగా సంబంధం ఉన్న మాట అదొక్కటే. టీమ్ లీడ్ తేరుకొని అన్నాడు కదా, "వెరీ గుడ్ క్వశ్చన్ సార్. దయచేసి చాట్‌లో టైప్ చేయండి."

"చాటల ఏం జెయ్యాలె బిడ్డా?" అన్నాడు తాత.

అప్పటికి ముప్ఫై ఎనిమిదో నిమిషం. స్క్రీన్‌షాట్ టైమ్. "అందరూ కెమెరాలు ఆన్ చేయండి, స్మైల్ ప్లీజ్!" అన్నారు. ముప్ఫై చిల్లర పెట్టెల్లో పళ్లు వెలిగాయి. తాత మాత్రం బర్రెను కట్టేసే వేళయిందని లేచి పోయాడు. జిల్లాలో డిజిటల్ సేవకు శాశ్వత సాక్ష్యంగా ఉండిపోయే ఆ ఫొటోలో 'బెనిఫిషియరీ 1' అన్న పేరు మీద మంచం కోడు ఒక్కటే ఉంది. రిపోర్టులో ఏం రాశారో తెలుసా? లబ్ధిదారుల ముఖాల్లో సంతృప్తి స్పష్టంగా కనిపించిందట. కోడులో కనిపించే ఉంటుంది, టేకు కోడు మరి.

ఇంకో జట్టు మర్రిగూడ మండలాన్ని ఎంచుకుంది. అంశం: ఫ్లోరైడ్‌పై అవగాహన. మర్రిగూడ వాళ్లకు, ఫ్లోరైడ్ మీద, అవగాహన! లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని వికీపీడియా చూసి స్లైడ్ చేసిన పిల్లలు, వంగిన కాళ్లతో బతుకుతున్న మనుషులకు ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగుతాయని వివరించారు. ఇదే జిల్లా పేరుతో 'నల్లగొండ టెక్నిక్' అని ఒకటుంది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దింపే ఆ పద్ధతిని రూపొందిస్తే అది టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. ఆ సంగతి స్లైడ్లలో లేదు. ఆ ఊళ్లో ఇప్పుడు నల్లా ఎన్ని రోజులకోసారి వస్తోంది, ఎంతమంది ఇంకా బోరు నీళ్లు తాగుతున్నారు అని ఒక్కరు ఫోన్ చేసి అడిగినా నేను నోరు మూసుకునేవాణ్ని. ఫోన్ చేయలేదు. ఫోన్ కాల్‌కు స్క్రీన్‌షాట్ బాగా రాదు.

ఇక కొలాబరేషన్. ఆరుగురి పేర్లతో ఓ గూగుల్ డాక్యుమెంటు తెరుస్తారు. దాని ఎడిట్ హిస్టరీ చూస్తే అసలు కథ కనిపిస్తుంది. రాత్రి పదకొండున్నర నుంచి రెండింటి దాకా ఒకే అమ్మాయి. పొద్దున తొమ్మిదింటికి టీమ్ లీడ్ వచ్చి మొదటి పేజీలో తన పేరు అక్షరాల సైజు పెంచాడు. డిజైన్ హెడ్ ఆ సైజు చూసి తనదీ పెంచుకున్నాడు. సహకారం ముగిసింది.

ఇది మన పిల్లల ప్రత్యేకతేమీ కాదు. 2014 నుంచి ఏటా హాక్టోబర్‌ఫెస్ట్ అని జరుగుతోంది. అక్టోబరు నెలలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్లకు, నాలుగు మార్పులు చేసి పంపితే టీషర్టు ఇచ్చేవారు. 2020లో ఏమైంది? ఎవరిదో ప్రాజెక్టు పరిచయం రాసి ఉండే రీడ్‌మీ ఫైల్లో 'అద్భుతమైన ప్రాజెక్టు' అని రెండు ముక్కలు తగిలించి పంపినవాళ్లు కుప్పలు తెప్పలు. దానికి ఆజ్యం పోసింది మన దేశంలో తయారైన ఓ యూట్యూబ్ పాఠమే. నిజంగా ఉచితంగా పనిచేసేవాళ్లు తమ పని మానుకొని ఆ చెత్త ఎత్తిపోసుకోవాల్సి వచ్చింది. చివరికి మేం పాల్గొంటామని ముందే చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటామని రూలు మార్చారు. టీషర్టుకే అంత జరిగితే, మార్కులకు ఎంత జరగాలి?

పైగా పిల్లలు ఎవరిని చూసి నేర్చుకున్నారు? ఉపాధి హామీ పనుల దగ్గర 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో ఎక్కిస్తేనే హాజరు అన్నారు. సిగ్నల్ లేని గుట్టల్లో గడ్డపారలు పక్కన పెట్టి పని చూసే మేట్ ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డ కూలీలను మీరూ చూసే ఉంటారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది: సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారు, ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారు అని. దేశం మొత్తం ఫొటోను పని అనుకుంటున్నప్పుడు మా వీధి కుర్రాళ్లను మాత్రమే తిడితే ఎట్లా?

తిట్టాల్సింది ఎవరినో చెప్తాను. అదే క్లాసులో చందంపేట దిక్కు నుంచి వచ్చే ఓ అమ్మాయి ఉంది. హాస్టల్లో ఉంటుంది. వాళ్ల ఊళ్లో పక్కింటి అవ్వకు పోస్టాఫీసులో పింఛను మిషన్ మీద వేలిముద్ర పడటం లేదు. "మళ్ల పెట్టవ్వా, తుడుచుకొని పెట్టు." నూనె రాసి పెట్టింది, నిమ్మచెక్క రుద్ది పెట్టింది. పడలేదు. నాట్లు వేసి, పత్తి ఏరి అరిగిపోయిన వేళ్లవి. ఆ అమ్మాయి శనివారం బస్సెక్కి ఊరికి పోయింది (2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా, ఊరికి పోవడానికి ఖర్చు కూడా లేదు). అవ్వను దేవరకొండ తీసుకెళ్లి, ఆధార్ సెంటర్ దగ్గర పొద్దుట్నుంచి లైన్లో నిలబెట్టి, వేలిముద్రలు, కళ్ల స్కాన్ మళ్లీ తీయించి, స్లిప్పు తెచ్చుకుంది. తర్వాతి నెల అవ్వ చేతికి పింఛను వచ్చింది. అమ్మాయి ఆ స్లిప్పు నకలు, ఏం జరిగిందో ఒక పేజీ, తెలుగులో రాసి ప్రాజెక్టుగా ఇచ్చింది.

కాలేజీ వాళ్లు తిప్పి పంపారు. మీటింగ్ లింకు లేదు. స్క్రీన్‌షాట్‌లో కనీసం పదిమంది లేరు. లబ్ధిదారుల సంఖ్య ఒకటే. రిపోర్టు ఇంగ్లిషులో లేదు. అన్నిటికీ మించి, ఇది ఆఫ్‌లైన్.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి. బయోమెట్రిక్ మిషను ఒక ముసలామెను మనిషిగా గుర్తించకపోతే, ఆ మిషనుకూ ఆ మనిషికీ మధ్య నిలబడి పని జరిపించిన పిల్లకు 'కంప్యూటర్లు, సమాజం' అనే సబ్జెక్టులో మార్కులు లేవా? మరి దేనికిస్తారు? మంచం కోడుకా? ఆ సబ్జెక్టును మొత్తం క్లాసులో అర్థం చేసుకున్నది ఆ ఒక్కతే. మిగతావాళ్లకు డిజిటల్ డివైడ్, అంటే సాంకేతికత అందినవాళ్లకూ అందనివాళ్లకూ మధ్య ఉన్న దూరం, ఓ పది మార్కుల ప్రశ్న. ఆ అమ్మాయికి అది వాళ్ల పక్కిల్లు. ఆమెను మళ్లీ జట్టులో చేరి వెబినార్ పెట్టమన్నారు. పెట్టింది. పాపం, రాత్రి రెండింటి దాకా డాక్యుమెంటులో కూర్చున్నది కూడా ఆ అమ్మాయేనని తర్వాత తెలిసింది.

ఆన్‌లైన్ సేవ వద్దని కాదు నా గోల. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో కూర్చొని తెలుగు వికీపీడియాలో 2003 నుంచి రాస్తున్నవాళ్లున్నారు, ఎవరూ వాళ్లకు బంగారు అంచు కాగితం ఇవ్వలేదు. అక్కడ మన జిల్లా పల్లెల వ్యాసాలు చాలావరకు 2011 జనాభా లెక్కల దగ్గర ఆగిపోయి ఉన్నాయి. మా ఊరికి బస్సు ఎన్నింటికి, బడిలో ఎందరు టీచర్లు, చెరువు నిండుతుందా లేదా అని రాయడానికి హాస్టల్ మంచం మీద నుంచి దిగక్కర్లేదు కూడా. తాత పాస్‌బుక్కు సంగతే తీసుకోండి. భూభారతిలో సవరణకు దరఖాస్తు ఎట్లా పెట్టాలో, ఏ కాగితాలు జతచేయాలో ఆరుగురూ కూర్చొని నేర్చుకొని, ఒక్క తాతకు ఫోన్లో చెప్తూ చేయించినా అది ఆన్‌లైన్ సేవే. కాకపోతే నలభై నిమిషాల్లో అవదు. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేసరికి వీళ్ల నాలుగో సంవత్సరం కూడా అయిపోవచ్చు.

వచ్చే సెమిస్టర్ అంశం అప్పుడే ఖరారైంది: రైతుల కోసం కృత్రిమ మేధ. పోస్టర్ నిన్న రాత్రి నా ఫోన్లోకి వచ్చింది. తేదీ ఉంది, టైమ్ ఉంది, లింకు ఉంది, ఎనిమిది లోగోలున్నాయి, ముఖ్య అతిథి సూటు ఫొటో ఉంది, హాజరైన ప్రతి ఒక్కరికీ ఈ-సర్టిఫికెట్ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. దత్తత తీసుకునే ఊరు ఏదన్న చోట మాత్రం 'త్వరలో ప్రకటిస్తాం' అని రాశారు.