స్కాచ్ సీసా మీది 12 గారికి

మహారాజశ్రీ 12 గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా వైపు మీకున్న మర్యాద మీకు తెలుసో లేదో. దుబాయ్ నుంచి గానీ డాలస్ నుంచి గానీ ఎవరు దిగినా, ఆ డ్యూటీఫ్రీ సంచీ వంక చూసి మావాళ్లు అడిగేది ఒకటే: "ఎన్నేళ్లది?" ఏ ఊరిది, ఏ పీపాలో పడుకుంది అని అడిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

స్కాట్లండ్‌లోనే, ఓక్ పీపాల్లో, కనీసం 3 ఏళ్లు ఊరితేనే దాన్ని స్కాచ్ అనాలని అక్కడి చట్టం. లేబుల్ మీద వయసు వేస్తే, సీసాలో కలిపిన విస్కీల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసే వేయాలి. అంటే మీ వెనక 20 ఏళ్ల పెద్దలూ ఉండొచ్చు. పేరు మాత్రం మీది. (మా ఆఫీసులోనూ ఇంతే.)

పోనీ మిమ్మల్ని చూస్తే రుచైనా తెలుస్తుందా? స్కాట్లండ్‌లోనే స్పేసైడ్ అనే ప్రాంతపు గ్లెన్‌ఫిడిక్ మీదా మీరే, ఐలా దీవిలో చేసే కల్ ఈలా మీదా మీరే. మొదటిది పియర్ పండు వాసన. రెండోది తడికట్టెలు పెట్టిన పొయ్యి. మొలకెత్తిన బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి, ఎండబెట్టి కాల్చే మట్టి) పొగలో ఆరబెట్టడం వల్ల వచ్చిన గుణమది, మీ వల్ల కాదు. అదే దీవి నుంచి వచ్చే లాఫ్రోయిగ్ అయితే మీకంటే 2 ఏళ్లు చిన్నది. మూత తీస్తే టింక్చర్ వాసన, అయినా దానికోసం ప్రాణం పెట్టేవాళ్లున్నారు. షెర్రీ పీపాలో పెరిగిన మకాలన్ ఎండుద్రాక్షలా ఉంటుంది. అమెరికా వాళ్ల విస్కీ బోర్బన్‌కు కొత్త పీపాలే వాడాలని అక్కడి చట్టం, కాబట్టి వాళ్లు వాడేసిన పీపాలు ఓడెక్కి స్కాట్లండ్ చేరతాయి. చాకిరీ పీపాది, ఊరేగింపు మీది.

ముదురు రంగు చూసి "అబ్బ, ఎంత పాతదో" అని మురిసేవాళ్లకు ఇంకో సంగతి: రంగు కోసం కారమెల్ (మాడ్చిన చక్కెర) కలపొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది.

పీపాలో ఉన్నంతకాలం ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. సీసాలోకి దిగాక ఆ వాటా ఆగుతుంది, మీ వయసూ ఆగుతుంది. ఈ ముక్క మా పెదనాన్నకు ఎక్కదు. 2005లో బీరువాలో పెట్టిన మీ 12 ఏళ్ల సీసాకు ఏటా ఒక ఏడు కలుపుకుంటూ, ఇప్పుడది ముప్పై దాటిందంటారు. మనవరాలి పెళ్లికి తీస్తారట.

మొన్న ఉండబట్టలేక, "జానీ వాకర్ బ్లూ లేబుల్ మీద అసలు అంకే లేదు పెదనాన్నా, ధరేమో బ్లాక్ లేబుల్‌కు ఎన్నో రెట్లు" అన్నాను.

"లెక్క తెలియనంత పాతదై ఉంటుందిరా" అన్నారు.

ఇట్లు,
అంకె చూసే కొనే మీ భక్తుడు