పేరు కొట్టేయడానికి నెల చాలింది

వలస కూలీ ఊళ్లో లేడని తేల్చడానికి ఎన్నికల సంఘానికి నెల రోజులు సరిపోయాయి. బిహార్‌లో 2025లో ఇంటింటికీ తిరిగి చేసిన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో 65 లక్షల పేర్లు పోయాయి. ఆగస్టు 1 నాటి ముసాయిదా లెక్క ప్రకారం వారిలో దాదాపు 36 లక్షల మంది ఊరు వదిలి శాశ్వతంగా వెళ్లిపోయినవారు, ఆచూకీ లేనివారు. అదే కూలీ చేత ఉన్నచోటే ఓటు వేయించమంటే మాత్రం ఏళ్లు గడుస్తున్నా ఫైలు కదలదు.

ఆ ఫైలు సంగతి అందరికీ తెలిసిందే. సొంతూరికి పోకుండానే ఓటు వేసేందుకు రిమోట్ ఓటింగ్ యంత్రం సిద్ధం చేశామని 2022 డిసెంబరు 29న ఎన్నికల సంఘమే ప్రకటించింది. ఒక్క బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు వేయించవచ్చంది. 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. అభ్యంతరాలు రాగానే యంత్రం మూలన పడింది. పరాయి రాష్ట్రంలోని బూత్‌లో ఏజెంట్లను ఎలా పెడతాం, యంత్రాన్ని ఎలా నమ్ముతాం అన్న ప్రశ్నలు కొట్టిపారేయదగ్గవి కావు. కానీ ప్రశ్న వేసి ఇంటికి పోవడమేనా? జవాబు వెతికే పని ఎవరిది?

అడ్డుచెప్పిన పార్టీల చిత్తశుద్ధి పోలింగ్ ముందురోజు బస్సుల దగ్గర చూడాలి. ఊరికో వాట్సాప్ గ్రూపు, బస్సు మెట్ల దగ్గర పేర్లు టిక్కు పెట్టుకునే కార్యకర్త, దారిలో టిఫిన్, దిగాక చేతిలో దారి ఖర్చులు. 2024 మే 13 పోలింగ్‌కు ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో టోల్‌గేట్ల వద్ద బారులు తీరిన వాహనాలు ఎవరూ మరచిపోలేదు. సొంత డబ్బుతో వెళ్లినవారికి దండం పెట్టాల్సిందే. అంత స్తోమత లేనివాడి ఓటు మాత్రం బస్సు పెట్టిన పార్టీ దయ. ఉన్నచోటే ఓటు వేసే వీలుంటే ఆ దయ అక్కర్లేదు. పార్టీలకు గిట్టనిది అదేనేమో!

దూరం నుంచి ఓటు వేయడం మన దేశానికి కొత్త అన్నట్టు మాట్లాడటం మరో నటన. సైనికుడికి బ్యాలెట్ ఎలక్ట్రానిక్‌గా అందుతోంది. కశ్మీరీ నిర్వాసితులకు జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీలలో ప్రత్యేక కేంద్రాలు పెడుతున్నారు. 2024లో 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం వైకల్యం ఉన్నవారు కోరితే సిబ్బంది ఇంటికే వెళ్లి ఓటు వేయించారు. ఇవన్నీ మంచి పనులే. వీళ్లందరికీ దొరికిన దారి, గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవ దిగని సిక్కోలు మత్స్యకారుడి దగ్గరికి, పుణెలో సెంట్రింగ్ పనిచేసే పాలమూరు కూలీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూసుకుపోతోంది?

ఉన్నచోట పేరు నమోదు చేసుకోవచ్చు కదా అంటారు. అద్దె ఒప్పందం రాసివ్వని ఇంటి యజమాని, ఆరు నెలలకోసారి మారే పని, తాత్కాలిక రేకుల షెడ్డు: వీటిలో దేన్ని చిరునామా రుజువుగా చూపాలి? పైగా అతని రేషన్, పొలం గొడవ, పిల్లల బడి ఊళ్లోనే ఉంటే అతని ఓటు కూడా అక్కడి పాలకుల మీదే ఉండాలి. పోలింగ్ రోజున జీతంతో సెలవివ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతోంది. ఇవ్వని యజమానికి జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా 500 రూపాయలు. రెండ్రోజుల రైలు ప్రయాణం చేయాల్సినవాడికి ఒక్కరోజు సెలవు దేనికి?

ఉన్నచోటే ఓటు వేసేలా పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించాలి. జిల్లా లోపలే వలస వెళ్లిన ఓటర్లతో ఒక ఉప ఎన్నికలోనైనా, అన్ని పార్టీల ఏజెంట్ల ఎదుట ఆ యంత్రాన్ని పరీక్షించాలి. ఆలోగా మరో లెక్క తేలాలి. పోలింగ్ కేంద్రానికి ఓటర్లను ఉచితంగా చేరవేయడానికి అభ్యర్థులు వాహనాలు పెట్టడం అదే చట్టంలోని 123(5) సెక్షన్ కింద అవినీతి చర్య. ఆ బస్సుల అద్దె ఏ ఖాతాలో రాశారో పార్టీలు, ఎన్ని బస్సుల మీద చర్య తీసుకున్నారో ఎన్నికల సంఘం మొదట చెప్పాలి. ఓటు విలువ గురించి కూలీకి పాఠాలు ఆ తర్వాత చెబుదురుగాని.