దోషం ఎడింగ్టన్ ఒక్కడిదేనా?

ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరెత్తితే మనం చెప్పుకునే కథ ఒక్కటే. 1935 జనవరి 11న లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో 24 ఏళ్ల కుర్రవాడు తన పరిశోధన వినిపించి కూర్చున్నాడు. వెంటనే ఆనాటి ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయిన ఆర్థర్ ఎడింగ్టన్ లేచి నిండు సభలో దాన్ని కొట్టిపారేశాడు. నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ఆపే ప్రకృతి నియమం ఏదో ఉండాలన్నాడు. సభ నవ్వింది. కథ నిజమే. కానీ దోషమంతా ఎడింగ్టన్ నెత్తిన రుద్ది ఊరుకోవడం నాకు మింగుడుపడదు.

ఆ పరిశోధనకు బీజం 1930లో పడింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు ముగించి, పందొమ్మిదేళ్ల వయసులో ఇంగ్లండుకు ఓడలో వెళుతూ వేసిన లెక్క అది. ఇంధనం అయిపోయిన నక్షత్రం తన బరువుకు తానే కుంచించుకుపోతుంది. అలా చిన్నదై, కిక్కిరిసిపోయిన శేషాన్నే శ్వేత కుబ్జం అంటారు. శ్వేత కుబ్జంగా మారాక దాన్ని నిలబెట్టేది వేడి కాదు, లోపల కిక్కిరిసిన ఎలక్ట్రాన్లు. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఇమడవు కాబట్టి, నొక్కేకొద్దీ అవి ఎదురు తంతాయి. ఇంతవరకు కేంబ్రిడ్జిలోని రాల్ఫ్ ఫౌలర్ అప్పటికే చెప్పాడు. చంద్రశేఖర్ పట్టుకున్నది ఆ తర్వాతి మెలిక. బరువు పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగానికి చేరువవుతుంది, కానీ దాన్ని దాటలేదు. దాంతో ఆ ఎదురుదెబ్బ పెరగాల్సినంత పెరగదు. బరువు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు మించితే నక్షత్రం శ్వేత కుబ్జంగా నిలవలేదు, ఇంకా కుంచించుకుపోతూనే ఉంటుంది. ఎడింగ్టన్‌కు అసంబద్ధంగా తోచింది ఇదే. ఇలాంటి హద్దు ఉందని ఎడ్మండ్ స్టోనర్ వంటివారు విడిగా గుర్తించిన మాటా నిజమే. నక్షత్రం లోపలి నిర్మాణమంతా లెక్కగట్టి దాన్ని స్థిరపరిచింది మాత్రం చంద్రశేఖర్.

ఎడింగ్టన్ వాదన నిలవదని క్వాంటం సిద్ధాంతం తెలిసినవాళ్లకు తెలుసు. కోపెన్‌హాగెన్‌లో క్వాంటం సిద్ధాంత నిర్మాతల్లో ఒకరైన నీల్స్ బోర్ దగ్గరున్న మిత్రుడు లియోన్ రోజెన్‌ఫెల్డ్‌కు చంద్రశేఖర్ ఉత్తరాలు రాశాడు. ఒప్పు నీదేనని జవాబు వచ్చింది. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఇమడవన్న నియమాన్ని చెప్పిన వోల్ఫ్‌గాంగ్ పౌలీ అభిప్రాయమూ అదే. కానీ ఆ మాటను నలుగురిలో అనడానికి వాళ్లెవరూ ముందుకు రాలేదు. అదే ఏడాది పారిస్ సమావేశంలో ఎడింగ్టన్ మళ్లీ తన వాదన వినిపిస్తే, బదులు చెబుతానని చంద్రశేఖర్ ఆ సభకు అధ్యక్షత వహిస్తున్న ఖగోళ శాస్త్రజ్ఞుడు హెన్రీ నోరిస్ రసెల్‌కు చీటీ పంపాడు. వద్దన్నట్టు చీటీయే తిరిగొచ్చింది. తప్పో ఒప్పో, ఎడింగ్టన్ తాను నమ్మింది ముఖం మీదే చెప్పాడు. నిజం తెలిసీ నోరు మెదపని పెద్దల సంగతేమిటి? నా దృష్టిలో ఆ కుర్రవాడిని ఒంటరిని చేసింది వాళ్లే.

1937లో చంద్రశేఖర్ అమెరికా వెళ్లి, షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్క్స్ అబ్జర్వేటరీలో చేరాడు. నక్షత్ర నిర్మాణంపై తనకు తెలిసిందంతా 1939లో పుస్తకంగా వేసి, ఆ రంగం వదిలేశాడు. తర్వాత జీవితమంతా అదే పద్ధతి. నక్షత్ర సమూహాల గమనం, వాయుమండలాల్లో కాంతి ప్రసారం, ప్రవాహాల స్థిరత్వం, చివరికి కృష్ణబిలాల గణితం. ఒక్కోదాన్లో ఏళ్ల తరబడి మునిగి, ఒక ఉద్గ్రంథం రాసి, మళ్లీ విద్యార్థిలా కొత్తదానికి వెళ్లేవాడు. మధ్యలో 1952 నుంచి 1971 దాకా ఆస్ట్రోఫిజికల్ జర్నల్ సంపాదకత్వం. 1944లో ఎడింగ్టన్ పోయినప్పుడు చేసిన సంస్మరణ ప్రసంగంలో, తన కాలపు ఖగోళ శాస్త్రజ్ఞుల్లో జర్మనీకి చెందిన కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ తర్వాతి స్థానం ఎడింగ్టన్‌కే ఇచ్చాడు.

1983 అక్టోబరు 19న, సరిగ్గా 73వ పుట్టినరోజు నాడు, అమెరికన్ శాస్త్రవేత్త విలియం ఫౌలర్‌తో (కేంబ్రిడ్జి ఫౌలర్ కాదు) కలిపి ఆయనకు నోబెల్ ప్రకటించారు. ప్రశస్తిలో ముందుకు తెచ్చింది తొలినాళ్ల పనినే అని చంద్రశేఖర్ నొచ్చుకున్నాడు. అప్పటికి ఆయన కృష్ణబిలాల మీద తన పెద్ద గ్రంథం పూర్తిచేసి ఉన్నాడు.