10 రెట్ల వేగం, 30 రెట్ల సాంద్రత: లెక్కకు నిలవని ప్రచారం

జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకి పద్ధతిలో స్థానిక జాతుల మొక్కలను చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు చొప్పున నాటితే, ఆ అడవి మామూలు తోటకంటే 10 రెట్లు వేగంగా పెరుగుతుందని, 30 రెట్లు దట్టంగా ఉండి 30 రెట్లు ఎక్కువ కార్బన్‌ను పీల్చుకుంటుందని, 100 రెట్ల జీవవైవిధ్యాన్ని ఇస్తుందని ఒక ప్రచారం ఏళ్లుగా సాగుతోంది. తెలంగాణలో యాదాద్రి మోడల్ పేరుతో అటవీ శాఖే ఈ పద్ధతిని చేపట్టింది కనుక ఈ అంకెలను మనం పరీక్షించి తీరాలి.

ముందుగా 30 రెట్ల సాంద్రత సంగతి. హెక్టారుకు 1,000 మొక్కలకు బదులు 30,000 నాటితే ఆ మాట నాటిన రోజున నిజమే, కానీ అది నిలిచేది కాదు. కిక్కిరిసిన సమూహంలో సగటు మొక్క బరువు, బతికి ఉన్న మొక్కల సంఖ్యకు మైనస్ 3/2 ఘాతంలో మారుతుందని, అంటే సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవాటి బరువు అంతకంటే వేగంగా పెరుగుతుందని 1963లో జపాన్‌లోనే యోడా, కిరా బృందం చూపింది. ఈ సూత్రం ప్రకారం 30,000 మొక్కలు 1,000కి తగ్గేసరికి ఒక్కో చెట్టు సగటు బరువు సుమారు 164 రెట్లు, మొత్తం అడవి బరువు సుమారు 5.5 రెట్లు పెరుగుతాయి. అంటే ముప్పై మొక్కల్లో ఇరవై తొమ్మిది చనిపోవడం వల్లనే మిగిలినది పెద్ద చెట్టవుతుంది. ఘాతం 3/2 కాదు, 4/3 అని తర్వాత వాదించినవారున్నారు గాని, ఏ విలువ తీసుకున్నా సంఖ్య తగ్గకుండా బరువు పెరగదన్న విషయం మారదు. అమెరికా అటవీ శాస్త్రవేత్త రైనెకె 1933లో ఇచ్చిన సూత్రమూ ఇదే చెబుతుంది: నిండుగా కిక్కిరిసిన రెండు అడవుల్లో ఒకదానిలో చెట్లు 30 రెట్లు ఎక్కువగా ఉంటే, వాటి సగటు కాండం వ్యాసం రెండో అడవిలోని దానిలో ఎనిమిదో వంతుకు మించదు. నాట్లు వేయకుండా నారుమడిలోనే వదిలేసిన వరి దుబ్బు కట్టదని రైతులకు తెలిసిన విషయమే.

కార్బన్ లెక్క ఇంకా బలహీనం. ఆకుల గుంపులోకి వెలుతురు దిగేకొద్దీ ఎలా తగ్గుతుందో లెక్కించేందుకు జపాన్ శాస్త్రవేత్తలు మోన్సీ, సాయెకి 1953లో ఇచ్చిన నమూనాలో, ఆ తగ్గే వేగాన్ని చెప్పే క్షీణత గుణకాన్ని 0.5గా తీసుకుంటే, నేల విస్తీర్ణానికి నాలుగు రెట్ల ఆకులున్న అడవి పైనుంచి పడే వెలుతురులో సుమారు 86 శాతాన్ని పట్టేస్తుంది. ఆకులు ఎనిమిది రెట్లయినా అది 98 శాతానికే చేరుతుంది. పడే వెలుతురే అంతైనప్పుడు 30 రెట్ల కార్బన్ ఎక్కడినుంచి వస్తుంది?

వేగం విషయంలో కొంత నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. పక్క మొక్కల ఆకులనుంచి వచ్చే దూర ఎరుపు కాంతిని (ఎరుపుకు ఆవల, మన కంటికి దాదాపు కనిపించని కాంతి) గుర్తించి లేత మొక్కలు పైకి సాగుతాయి. దగ్గరగా నాటితే నేలను ఆకులు త్వరగా కమ్మేస్తాయి కూడా. అయితే ఆ ఎత్తుకు తగిన లావు కాండానికి రాదు. పైగా లోతుగా తవ్వి, ఎరువు కలిపి, మొదటి రెండు మూడేళ్లు నీరు పెట్టిన ఫలితాన్నంతా దగ్గర నాటడానికే కట్టబెట్టడం అన్యాయం.

100 రెట్ల జీవవైవిధ్యం మాటకు పెద్ద జవాబు అక్కర లేదు. ఒకే జాతి నాటిన తోటతో పోల్చి, మనమే తెచ్చి నాటిన జాతులను లెక్కపెట్టి, దాన్ని అడవి సాధించిన ఫలితమనడం సరికాదు.

ఈ పద్ధతిని నిజంగా సమర్థించదలచినవారు నాటిన మొక్కల సంఖ్యను కాక, పదేళ్ల తర్వాత హెక్టారుకు ఎన్ని చెట్లు బతికాయో, నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున వాటి చుట్టుకొలత ఎంతో కొలిచి, అదే నేలలో, అదే నీటితో, ఎడంగా నాటిన మడి కొలతలను పక్కనే ఉంచి చూపాలి.