అడిగేవాళ్లు లేని చోటికే అణు చెత్త

తైవాన్‌కు ఆగ్నేయంగా లాన్‌యూ అనే చిన్న దీవి ఉంది. చేపల వేట మీద బతికే తావో ఆదివాసులు అక్కడ ఉంటారు. దీవి కొసన కట్టడాలు మొదలైనప్పుడు వాళ్ల చెవిన పడిన మాట, చేపల క్యానింగ్ ఫ్యాక్టరీ వస్తోందని. తీరా 1982లో ఓడల్లోంచి దిగినవి అణు వ్యర్థాల పీపాలు! రియాక్టర్లలో వాడి పడేసిన చేతి తొడుగులు, దుస్తులు, ఫిల్టర్ల వంటి తక్కువ స్థాయి రేడియోధార్మిక చెత్త అది. దాదాపు లక్ష పీపాలు చేరాయి. ఉప్పు గాలికి చాలావాటికి తుప్పు పట్టింది. 1996లో జనం రేవు దగ్గర అడ్డం పడి కొత్త సరుకు దిగనివ్వలేదు. 2019లో ప్రభుత్వం 255 కోట్ల తైవాన్ డాలర్ల పరిహారం ప్రకటిస్తే, డబ్బు సంగతి తర్వాత, ముందు పీపాలు తీసుకెళ్లమన్నారు తావోలు. 2025 మేలో తైవాన్ తన ఆఖరి రియాక్టర్‌నూ మూసేసింది. పీపాలు మాత్రం దీవిలోనే ఉన్నాయి.

అసలు విషయం 1997 జనవరిది. లాన్‌యూ రేవు మూసుకుపోయిన మరుసటి ఏడే, తైవాన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థ తైపవర్ ఉత్తర కొరియాతో బేరం కుదుర్చుకుంది. మొదట 60,000 పీపాలు, తర్వాత 2 లక్షల దాకా. అప్పుడు ఉత్తర కొరియా కరువుతో అల్లాడుతోంది, డాలర్లు కావాలి. దక్షిణ కొరియా భగ్గుమనడంతో ఒక్క పీపా కూడా కదల్లేదు. ఇంట్లో ‘వద్దు’ అన్నవాళ్లు లేచేసరికి, ఆ మాట అనే వీలే లేని జనం దగ్గరికి చెత్త బయల్దేరబోయింది. ఆపింది కూడా ఆ జనం కాదు, పొరుగు దేశం.

అదే ఏడు సెప్టెంబరులో అంతర్జాతీయ ఒడంబడిక ఒకటి వచ్చింది. పంపే దేశం ముందే చెప్పాలి, పుచ్చుకునే దేశం ఒప్పుకోవాలి, చెత్తను చూసుకునే సత్తా దానికి ఉండాలి. మంచి నిబంధనలే. కానీ ఒప్పుకోవాల్సింది సర్కారు. ఉత్తర కొరియా సర్కారు ఎగిరి గంతేసి ఒప్పుకుంది కదా! చెత్త పాతే చోట ఉండే ఊరివాళ్ల మాటేమిటి? అందుకే, బయటి రేడియోధార్మిక చెత్త ఖండంలోకే రాకూడదని 1991లో మాలి రాజధాని బమాకోలో రాసుకున్న ఆఫ్రికా దేశాలది ముందుచూపు అంటాను.

జర్మనీ తీరు వేరు. వాడిన ఇంధనాన్ని ఫ్రాన్స్‌లోని లా హేగ్‌లో రీప్రాసెసింగ్ (మళ్లీ పనికొచ్చే పదార్థాన్ని వేరుచేయడం) చేయించుకున్నా, మిగిలిన వ్యర్థాలను వెనక్కి తెచ్చుకోవాలన్నది షరతు. రైలు పట్టాల మీద కూర్చున్న నిరసనకారులతో ఏళ్ల తరబడి టెన్షన్ పడుతూనే తెచ్చుకుంది. ఫ్రాన్స్ నుంచి ఆఖరి విడత 2024 నవంబరులో ఫిలిప్స్‌బర్గ్ చేరింది. శాశ్వతంగా పాతే చోటు ఇంకా దొరకలేదు. అయితేనేం, ఆ తలనొప్పి ఆ కరెంటు వాడుకున్నవాళ్ల దగ్గరే ఉంది, వాళ్లకు ఓటూ ఉంది.