ఇంగ రెండు బండ్లే ఉండాయి ముందర

నిన్న షాపులో జిరాక్స్ తీస్తుంటే తెలిసినాయన ఒకరు అడిగారు. "ఏం సామీ, ఏదో షార్ట్ ఫిల్ములో చేసినారంట, ఎంత ఇచ్చినారు?" 3,000 అని చెప్పాను. "అంతేనా! యూట్యూబులో వేసుకునేదే కదా" అని కాగితాలు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన మీద కోపంతో రాస్తున్నది కాదు ఇది. కానీ ఆ "అంతేనా" రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. కాస్త పొడుగైనా చదవండి.

నేను 22 ఏళ్ళుగా భారతం నాటకాల్లో అర్జునుడి వేషం కడుతున్నాను. మన చిత్తూరు వైపు ద్రౌపదమ్మ తిరునాళ్ళంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి చెప్పే పని లేదు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపస్సు మాను, అంటే తపస్సు ఘట్టం కోసం నాటిన పొడుగాటి మాను, ఎక్కి పద్యాలు పాడుతుంటే, కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి వేసే నిమ్మకాయ కోసం కొంగులు పడతారు. నా గొంతు వాళ్ళ దాకా, వాళ్ళ వెనక కిక్కిరిసిన జనం దాకా పోవాలి. ముఖాన అర్దళం రంగు, భుజాన భుజకీర్తులు, నెత్తిన కిరీటం ఉన్నప్పుడు కనుబొమ్మ కదిలితే ఎవరికి కనపడుతుంది? ఏదైనా గొంతుతోనే చెప్పాలి. నేను నేర్చుకున్న విద్య అది, దాని మీద నాకు గౌరవం ఉంది.

కెమెరా ముందు నిలబడటం నాకు ఇదే మొదటిసారి కాదు. కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద సినిమా వాళ్ళు ఊరి పెద్ద వేషం అని తీసుకెళ్ళారు. నాలుగు రోజులు ఎండలో నిలబెట్టి ఒకే ఒక్క డైలాగు ఇచ్చారు. అదీ మన యాసలోనే. "ఇంకొంచెం సాగదీయండి, నవ్వు రావాలి" అని మూడుసార్లు చెప్పించారు. మా అమ్మ నాకు అన్నం పెడుతూ మాట్లాడిన మాట అది. అందులో నవ్వాల్సింది ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివరికి ఆ ముక్క కూడా సినిమాలో లేదు. లేనందుకు ఆ రోజు బాధపడ్డాను గానీ, ఇప్పుడు మంచిదే అయిందనిపిస్తుంది.

ఈ షార్ట్ ఫిల్ము తీసిన తమ్ముళ్ళు ఐదుగురు, అందరూ పాతికేళ్ళ లోపు పిల్లలే. కథ మామిడి రైతుది. 2025 సీజన్లో తోతాపురి ధర ఎట్లా పడిపోయిందో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం కిలోకి 12 అన్నారు. అయినా గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి రోజుల తరబడి నిలబడ్డాయి. అట్లా రెండు రాత్రులు లైన్లో ఉన్న ఒక రైతు, ఇంటి నుంచి కూతురి ఫోను. కథంతా అంతే, 18 నిమిషాలు.

డైరెక్టరు తమ్ముడు నాకు స్క్రిప్టు ఇవ్వకముందే మామిడి మండీ ఉన్న దామలచెరువు తీసుకెళ్ళాడు. నాలుగు రోజులు మండీలో, తోపులో ఉన్నాను. కాయ కోసేటప్పుడు తొడిమ దగ్గర ఎట్లా విరవాలో, సొన చేతి మీద పడితే ఎంత మంటో అక్కడే తెలిసింది. రెండోరోజుకే ముంజేతి మీద నల్లటి మచ్చ లేచింది. మేకప్ ఆయన దాన్ని కప్పబోతే తమ్ముడు వద్దన్నాడు. సినిమాలో ఆ మచ్చ అట్లనే ఉంది.

అన్నింటికంటే నా మనసులో నిలిచిపోయింది ఒక్క షాట్. రెండో రాత్రి. ట్రాలీలో అడుగున ఉన్న కాయలు వేడెక్కి, మెత్తబడి, పలక సందులోంచి రసం చుక్కచుక్కగా రోడ్డు మీద పడుతుంది. రైతు ముందు అది చూడడు, వింటాడు. తర్వాత వంగి, చెయ్యి కింద పట్టి, అరచేతిలో పడిన చుక్కల్ని చూసి, తువ్వాలుకి తుడుచుకుని మళ్ళీ ట్రాక్టరు ఎక్కి కూర్చుంటాడు. మాట లేదు, పద్యం లేదు. మొదటిసారి చేసినప్పుడు నేను నిట్టూర్చాను, తల పట్టుకున్నాను, ఆకాశం వైపు చూశాను. తమ్ముడు దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు. "అన్నా, నువ్వు బాధపడేది మాకు చూపించొద్దు. ఆ కాయ ఎంత నష్టమో లెక్క వేసుకో, చాలు." నిజంగా లెక్క వేసుకున్నాను. ట్రాలీ ఎన్ని టన్నులు, అడుగు వరస ఎంత, కోత కూలి ఎంత, బండి బాడుగ ఎంత. లెక్క తేలకముందే కట్ అన్నాడు. ఆ ముక్కే ఓకే అయింది. 22 ఏళ్ళలో నాకెవరూ ఇంత సులువుగా ఇంత పెద్ద సంగతి చెప్పలేదు.

ఫోను సీనప్పుడు కూతురి పాత్ర చేసిన పాప నిజంగానే కొంచెం దూరంలో కారులో కూర్చుని ఫోన్ చేసింది. మామూలుగా పక్కన ఎవరో కాగితం చూసి చదువుతారు, మనం గాలితో మాట్లాడాలి. ఇక్కడ అవతల ఒక గొంతు ఉంది, నా మాట కోసం ఆగుతోంది. అయినా నా గొంతు పెద్దదైపోతూనే ఉంది. "అన్నా, జనానికి వినపడక్కర్లేదు. ఆ పాపకి వినపడితే చాలు" అన్నాడు తమ్ముడు.

స్క్రిప్టులో అక్కడ "ఇంకా ఆలస్యం అవుతుందమ్మా" అని ఉంది. నేను అడిగాను. తమ్ముడూ, మన నాయనలు కూతురితో ఆలస్యమవుతుందని చెబుతారా? ఏదో ఒకటి చెప్పి పిల్లను నిద్రపొమ్మంటారు కదా? వాడు కాసేపు ఆలోచించి, నీకెట్లా వస్తే అట్లా చెప్పన్నా అన్నాడు.

"నాయనా, తిన్యావా?"

"తిన్నాలేమ్మా. ఇంగ రెండు బండ్లే ఉండాయి ముందర. నువ్వు పడుకో."

ముందర ఉన్నవి అరవై బండ్లు. ఆ మాట మన యాసలో, మామూలుగా, ఎవరినీ నవ్వించాల్సిన పని లేకుండా అన్నాను. 2022లో జిల్లాలు విడిపోయాయి గానీ ఈ మాట చిత్తూరులోనూ తిరుపతిలోనూ ఒకటే. ఆ మాటకి ఏడిపించే బలమూ ఉంది, ఓర్చుకునే బలమూ ఉంది. దాన్ని విలన్లకీ కమెడియన్లకీ మాత్రమే వదిలేసినవాళ్ళ మీదే నా కోపమంతా.

నాటకం వాళ్ళు కెమెరాకి పనికిరారు, ఓవర్ చేస్తారు అని కుర్రాళ్ళు కొందరు అంటుంటారు. చిత్తూరు నాగయ్య గారు రామవిలాస సభ నాటకాలు ఆడినవారే కదా? 1965లో పద్మశ్రీ అందుకున్న ఆయన కంటే మెత్తగా తెర మీద మాట్లాడినవాళ్ళు ఎంతమంది? చెప్పేవాళ్ళు చెబితే మేమూ తగ్గించుకోగలం. చెప్పే ఓపిక ఉండాలి.

అన్ని షార్ట్ ఫిల్ములూ ఇట్లా ఉండవు, నాకూ తెలుసు. అలిపిరి దగ్గర డ్రోన్ ఎగరేసి, స్లో మోషన్లో నాలుగు షాట్లు తీసి, నటుడికి టీ కూడా ఇప్పించకుండా పంపేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి రాసి టైం వేస్ట్ చేసుకోను. ఈ పిల్లలు మాత్రం షూటింగ్ ముగిసిన ప్రతి రాత్రీ నన్ను ఇంటి దాకా బైకు మీద దించారు. డబ్బు కవరు రెండు చేతులతో ఇచ్చారు.

పోయిన నెల తిరుపతిలో చిన్న హాల్లో వేశారు. నలభై మంది ఉంటారు. మాకు ట్రాక్టరూ కాయలూ ఇచ్చిన రైతు కూడా పాకాల వైపు నుంచి బస్సులో వచ్చాడు. అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన కొట్టలేదు. జనం తగ్గినాక నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"సామీ, ఆ రెండు బండ్లు అనే మాట మీకెవురు చెప్పినారు? నేనూ మా పాపకి ఫోన్లో అదే చెప్పినా."

ఎవరూ చెప్పలేదన్నాను. ఆయన కొంచెంసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత ఇద్దరం బయటికొచ్చి టీ తాగాం. ఈ ఏడు పూత ఎట్లుందని అడిగాను.